కాలు కింద పెట్టని 12 వారాలు

మీరు ఇది కూర్చుని చదువుతుంటే, ఒక్క నిమిషం మీ కుడికాలి చెప్పు విప్పండి. చీలమండ ముందు వైపు, పాదం మొదలయ్యే చోట వేలు పెట్టండి. పాదాన్ని పైకీ కిందికీ ఆడించండి. తర్వాత ఇటూ అటూ పక్కలకు వంచండి. ఆ లోపల, మీ వేలికి సరిగ్గా అందని చోట, ఒక ఎముక ఉంది. దాని పేరు టాలస్. మీ ఒంటి బరువంతా ఆ ఎముక మీదుగానే నేలకు దిగుతుంది. ఎనిమిదేళ్ళ కిందట దాని పేరు నాకూ తెలియదు.

మన ఇళ్ళలో దానికి విడిగా పేరు లేదు. మొత్తం కీలును చీలమండ అంటాం. వెనక నేలకు ఆనేది మడమ. కింద ఉన్నది అరికాలు. వెనక కండ పిక్క. నేను పుట్టిన మారిషస్‌లో, మా క్రియోల్ భాషలో, లిపియే అంటే కాలూ అదే, పాదమూ అదే. తెలుగులో కూడా 'కాలు' అలాంటి మాటే. 'కాళ్ళు కడుక్కో' అంటే పాదాలు కడుక్కోమని. 'కాలు విరిగింది' అంటే తొడ దగ్గర నుంచి వేలి దాకా ఎక్కడైనా కావచ్చు. అందుకే నాకు దెబ్బ తగిలినప్పుడు ఎవరికి ఫోన్ చేసినా మొదట అడిగింది ఒకటే: "కాలంటే ఎక్కడ?"

అది 2017 నవంబరు. మేము ఉండేది న్యూజెర్సీలోని పిస్కాటవేలో. ఆఫీసు నుంచి ఇంటికి వస్తూ రివర్ రోడ్డు మీద, జాన్సన్ పార్కు పక్కన వెళ్తున్నాను. అప్పటికే చీకటి పడింది. ఈ దేశంలో నవంబరు జింకలు జతకట్టే కాలం. వాటికి రోడ్డూ కార్లూ ఏమీ పట్టవు. ఒక జింక రేరిటన్ నది వైపు నుంచి ఒక్క దూకులో నా ముందుకు వచ్చింది. నేను బ్రేకు మీద నిలబడినంత పని చేశాను. జింక తప్పించుకుంది. కారు పక్కకు తిరిగి చెట్టుకు గుద్దుకుంది. బెలూను తెరుచుకుంది, అద్దం పగిలింది. నా కుడికాలు మాత్రం ఇంకా బ్రేకును తొక్కుతూనే ఉంది.

మొదట నొప్పి లేదు. కిందికి చూస్తే బూటు ఉండాల్సిన దిక్కున లేదు. బెణికింది కాబోలు అనుకున్నాను. అలా అనుకోవడంలో ఎంత ఆశ ఉందో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు, తర్వాత సీటీ స్కాన్ తీశారు. పాదం మామూలు కంటే రెండింతలైంది. కుర్ర డాక్టరు ఒకాయన వచ్చి కంప్యూటరులో బొమ్మ చూపించాడు. టాలస్‌కు తల ఉంటుందట, మెడ ఉంటుందట, ఒళ్ళు ఉంటుందట. నాకు విరిగింది మెడ. మావారు అప్పుడు డాలస్‌లో ఉన్నారు. నేను ఫోన్‌లో తెలుగులో "మెడ విరిగిందంటున్నారు" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత ఆయన గొంతు వణుకుతూ "చేతులు కదులుతున్నాయా?" అని అడిగింది. పక్కనున్న నర్సుకు మేమెందుకు నవ్వుతూ ఏడుస్తున్నామో అర్థం కాలేదు.

ఇక్కడ కాస్త ఆగి ఆ ఎముక సంగతి చెప్పాలి. ఎందుకంటే తర్వాత జరిగినదంతా దాని స్వభావం వల్లే జరిగింది.

పాదం వెనక సగంలో రెండు పెద్ద ఎముకలుంటాయి. కింద మడమ ఎముక, దాని మీద టాలస్. ఎత్తు నుంచి పడ్డవాళ్ళకు ఎక్కువగా విరిగేది మడమ ఎముక. టాలస్ విరగడం అరుదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ వైమానిక దళంలో వచ్చిన సుమారు 25,000 ఎముకల దెబ్బలను లెక్క తీస్తే, టాలస్‌కు తగిలినవి 228. అంటే నూటికి ఒకటి కూడా కాదు. వైమానిక దళం లెక్క ఎందుకంటే, ఈ దెబ్బకు పేరే విమానం నడిపేవాళ్ళ మీద వచ్చింది. 1919లో హెన్రీ గ్రేమ్ ఆండర్సన్ అనే బ్రిటిష్ సర్జను ఇలాంటి 18 కేసుల గురించి రాశాడు. అప్పటి విమానాల్లో పైలట్ పాదాల కింద చుక్కాని కడ్డీ ఉండేది. విమానం నేలను గుద్దినప్పుడు ఆ కడ్డీ పాదాన్ని పైకి విరిచేది. ఇప్పుడు ఆ కడ్డీ స్థానంలో బ్రేకు పెడలు ఉంది. అంతే తేడా. నూరేళ్ళ కిందటి పైలట్లకు తగిలిన దెబ్బ నాకు ఒక జింక వల్ల తగిలిందన్నమాట.

ఈ ఎముకలో రెండు వింతలున్నాయి. ఒకటి, దీనికి ఒక్క కండ కూడా అంటుకుని ఉండదు. చుట్టూ ఎముకలూ సంధి బంధనాలూ పట్టి ఉంచితే మధ్యలో ఇమిడి ఉంటుంది. రెండు, దాని మొత్తం ఉపరితలంలో దాదాపు అయిదింట మూడు వంతులు నున్నటి గుజ్జు కప్పి ఉంటుంది. మోకాళ్ళలో అరిగిపోయిందని మన పెద్దవాళ్ళు చెప్పుకునే ఆ గుజ్జే. గుజ్జు ఉన్నచోట నెత్తురు లోపలికి వెళ్ళలేదు. మిగిలిన కొద్దిచోటులోంచి సన్నటి రక్తనాళాలు వెళ్ళాలి. అవి ఎక్కువగా మెడ దగ్గర దూరి, వెనక్కి ఒళ్ళు వైపు వెళ్తాయి. మెడ విరిగితే ఒళ్ళుకు నెత్తురు తెగిపోవచ్చు. నెత్తురు అందని ఎముక మెల్లగా చచ్చిపోతుంది. చచ్చిన ఎముక మీద బరువు పెడితే కుంగిపోతుంది.

ఇంకో ముచ్చట చెప్పి ముందుకు వెళ్తాను. మీ అమ్మమ్మలెవరైనా అచ్చనగాయలు ఆడటం చూశారా? గులకరాళ్ళను ఎగరేసి చేతి వెనక పట్టుకునే ఆట. పాత గ్రీసులో, రోములో అదే ఆటను గొర్రె చీలమండ ఎముకలతో ఆడేవారు. పాచికలుగా కూడా వేసేవారు. ఆ ఎముక ఇదే. నా ఎముకతోనూ ఎవరో పాచికలు ఆడుతున్నట్టే ఉంది అప్పటి నా పరిస్థితి.

1970లో హాకిన్స్ అనే అమెరికన్ డాక్టరు ఈ మెడ విరగడాన్ని మూడు రకాలుగా విడదీశాడు. విరిగినా ఎముక కదలకపోతే మొదటి రకం. కదిలి కింది కీలు తప్పితే రెండోది. పై కీలు కూడా తప్పితే మూడోది. ఆయన చూసినవాళ్ళలో మొదటి రకంలో ఎవరికీ ఎముక చావలేదు. రెండో రకంలో నూటికి 42 మందికి, మూడో రకంలో 91 మందికి చచ్చింది. నాది రెండో రకం. కుర్ర డాక్టరు ఆ అంకె చెప్పలేదు. నేనే మంచం మీద పడుకుని చదివాను. మీకిలాంటిది ఎప్పుడైనా వస్తే, ఆపరేషన్ ముందురోజు రాత్రి ఇలాంటివి చదవకండి.

తప్పిన కీలును ఆ రాత్రే సరిచేశారు. స్క్రూలు వేసే ఆపరేషన్ మాత్రం అయిదు రోజులు ఆగి చేశారు. ఒకప్పుడు గంటల్లోనే అంతా చేసెయ్యాలి అనుకునేవారట. కీలు తప్పి ఉంటే దాన్ని వెంటనే సరిచెయ్యాలి, నిజమే. కానీ వాచి బిగుసుకుపోయిన చర్మాన్ని కోస్తే అది మళ్ళీ అతుక్కోదు. అందుకే వాపు తగ్గేదాకా ఆగారు. పాదానికి లోపలివైపు ఒక కోత, బయటివైపు ఒక కోత. స్క్రూలు టైటానియంవి. తర్వాత ఎమ్మారై తీయాల్సి వస్తే అవి అడ్డం రావు.

ఇంటికి పంపేటప్పుడు పెద్ద డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. "నా పని మూడు గంటలు. మీ పని 12 వారాలు. ఈ కాలు నేలను తాకకూడదు."

ఆపరేషన్ సంగతి తెలిసిన రోజునే నెల్లూరు నుంచి మా అత్తయ్య ఫోన్ చేశారు. "అమ్మాయ్, కోతలెందుకు పెట్టించుకుంటివి? టికెట్ తీసుకుని వచ్చెయ్. పుత్తూరు తీసుకుపోతా. కట్టు కట్టిస్తా" అన్నారు. మారిషస్‌లోనో ఫిజీలోనో దక్షిణాఫ్రికాలోనో పెరిగిన మీకు పుత్తూరు కట్టు తెలియకపోవచ్చు. తిరుపతికి దగ్గర్లో ఉన్న ఆ ఊళ్ళో తరతరాలుగా ఎముకలకు కట్లు కడతారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలు. చెన్నై నుంచీ బెంగళూరు నుంచీ కూడా జనం వస్తారు. మా అత్తయ్య ముంజేయి అక్కడే అతుక్కుంది. ఆవిడ మాట తీసిపారెయ్యడం నాకు ఇష్టం లేదు. ముంజేయి ఎముక చుట్టూ కండ ఉంది, కండ నిండా నెత్తురు ఉంది. సరిగా నిలబెట్టి కదలకుండా ఉంచితే అది అతుక్కునే ఎముకే. టాలస్ అలా కాదు. అది నాలుగు వైపులా కీళ్ళున్న ఎముక. రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగి అతుక్కున్నా పాదం వంకరవుతుంది. పైనుంచి కట్టే కట్టు ఏదీ దాన్ని లోపల జరపలేదు. ఇదంతా అత్తయ్యకు చెప్పడానికి నా తెలుగు చాలలేదు. "అత్తయ్యా, ఇది లోపలి ఎముక" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే కాలు కింద పెట్టబాకు" అన్నారు. పుత్తూరులో కూడా చివరికి చెప్పేది అదేనట.

కాలు కింద పెట్టకుండా ఉండటం. వినడానికి ఇదేం పెద్ద పని కాదు.

మా ఇంట్లో ఒక పాత కథ ఉంది. మా ముత్తాత తండ్రి విశాఖపట్నం ప్రాంతం నుంచి మారిషస్ చెరకు తోటలకు ఒప్పందం మీద వచ్చినవాడు. ఇంట్లో అందరూ ఆయన్ను 'కుంటి తాత' అనేవారు. చెరకు బండి మీద నుంచి దూకినప్పుడు కాలు విరిగిందట. నాలుగో రోజుకు మళ్ళీ పొలంలో ఉన్నాడట. మా నాయనమ్మ దీన్ని గొప్పగా చెప్పేది: "ఎంత గట్టివాడో చూడు!" చిన్నప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. సోఫాలో కాలు దిండ్ల మీద పెట్టుకుని పడుకున్నప్పుడు ఆ కథ వేరేగా వినిపించింది. 19వ శతాబ్దంలో మారిషస్ తోటల్లో 'డబుల్ కట్' అనే పద్ధతి ఉండేది. కూలి ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. నెల రోజులు పడుకుంటే రెండు నెలల అప్పు. ఆయన నాలుగో రోజున లేచింది గట్టివాడై కాదు. పడుకునే వీలు ఎవరూ ఇవ్వలేదు కాబట్టి లేచాడు.

నాకు ఇచ్చారు. ఎవరిచ్చారో చెప్తాను, ఎందుకంటే మీలో కొందరికి పనికొస్తుంది. న్యూజెర్సీలో 1948 నుంచి ఒక చట్టం ఉంది. పని దగ్గర కాకుండా బయట జబ్బు చేసినా, దెబ్బ తగిలినా, జీతంలో కొంత భాగం 26 వారాల దాకా వస్తుంది. దాన్ని తాత్కాలిక అశక్తత బీమా అంటారు. డబ్బు మన జీతంలోంచే నెలనెలా కొద్దికొద్దిగా కోసి ఉంటారు, మనం గమనించం. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లో ఇది లేదు. 1993 నాటి దేశవ్యాప్త చట్టం ఉద్యోగం పోకుండా 12 వారాల సెలవు ఇస్తుంది, కానీ జీతం ఇవ్వదు. అది కూడా చిన్న కంపెనీల వాళ్ళకు వర్తించదు. నాకు రెండూ దొరికాయి. ఫారాలు నింపుతూ నేను ఏడ్చాను. మావారు నొప్పి వల్ల అనుకుని మాత్ర తెచ్చారు.

మా ఇల్లు మెట్ల ఇల్లు. పడక గది పైన. నేను 12 వారాలూ కింది హాల్లోనే ఉన్నాను. స్నానానికి మాత్రం పైకి వెళ్ళాలి. మెట్ల మీద వెనక్కి తిరిగి కూర్చుని, చేతులతో ఒక్కో మెట్టు పైకి జరిగేదాన్ని, చిన్నపిల్లలు పాకినట్టు. చంకకర్రలతో రెండు వారాలు తిప్పలు పడ్డాక ఒక చిన్న బండి తెచ్చుకున్నాం. దాని మీద మోకాలు ఆనించి, రెండో కాలితో తోసుకుంటూ వెళ్ళాలి. మోకాలి స్కూటర్ అంటారు. ఇల్లంతా తిరగొచ్చు. ఒక చేత్తో టీ మాత్రం తేలేం. మావారు దానికి సైకిలు బుట్ట బిగించి, అందులో ఫ్లాస్కు పెట్టారు.

పక్కింటి పిన్నిగారు రోజు మార్చి రోజు పప్పుచారు, కూర పంపేవారు. గోంగూర పచ్చడి సీసా వచ్చింది. నేను ఒకరోజు మా అమ్మ చేసే టమాటా రుగాయ్ ఎలా చెయ్యాలో సోఫాలోంచి చెప్తే, పిన్నిగారు మా వంటింట్లో చేశారు. "ఇది మన టమాటా కూరేగా, ఇంత పేరెందుకు?" అన్నారు. అవును, మన టమాటా కూరే. సముద్రం దాటి వచ్చాక కొత్త పేరు పెట్టుకుంది, అంతే.

మొదటి వారాల్లో రక్తం గడ్డకట్టకుండా కడుపు దగ్గర సూదులు వేసుకున్నాను. కాలు గుండె కంటే ఎత్తులో ఉంచమన్నారు. వేళ్ళను గంటగంటకూ ఆడించమన్నారు. పొగ తాగితే ఎముక సరిగా అతకదట. నాకు ఆ అలవాటు లేదు, మావారు మాత్రం సిగ్గుపడి మానేశారు. ఈ ప్రమాదంలో నాకు దక్కిన లాభం అదొక్కటే అనుకోండి.

ఎనిమిదో వారం వచ్చింది. ఆ ఎక్స్‌రే గురించి మీకు తప్పకుండా చెప్పాలి.

ఇందాక చెప్పిన హాకిన్స్ ఇంకొకటి కూడా కనిపెట్టాడు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఎక్స్‌రేలో టాలస్ పైభాగం గుజ్జు కింద ఒక సన్నటి నల్లగీత కనిపిస్తే మంచిది. ఎందుకో తెలుసా? కాలు కింద పెట్టకుండా ఉంటే ఎముకలు పలచబడతాయి. వాడని ఎముకలోంచి నెత్తురు కాల్షియాన్ని కొంచెం కొంచెంగా తీసుకుపోతుంది. ఎముక పలచబడితే ఎక్స్‌రేలో నల్లగా కనిపిస్తుంది. అంటే ఆ గీత నెత్తురు అక్కడికి వెళ్తోందనడానికి సాక్ష్యం. చచ్చిన ఎముక పలచబడదు, తెల్లగా గట్టిగా కనిపిస్తుంది. చూడ్డానికి బలంగా ఉన్నదే అసలు చచ్చిందన్నమాట.

డాక్టరమ్మ తెర మీద బొమ్మను పెద్దది చేసింది. నేను ఊపిరి బిగబట్టాను. లోపలి వైపు సగం వరకు నల్లగీత ఉంది. బయటి వైపు సగంలో లేదు.

"సగం బతికి ఉంది," అంది ఆవిడ. "మిగతాది చూద్దాం. చచ్చిన భాగంలోకి కూడా కొత్త ఎముక మెల్లగా పాకుతుంది. ఒక ఏడాది, రెండేళ్ళు పట్టొచ్చు. అది కుంగకుండా ఉండాలి."

అమ్మకు ఆ రాత్రి ఫోన్ చేశాను. మారిషస్‌లో అప్పుడు తెల్లవారుతోంది. సగం అని చెప్పాను. అమ్మ "ప్రాన్ కురాజ్" అంది. ధైర్యం తెచ్చుకో అని. తర్వాత తెలుగులో, తన భజన తెలుగులో, "రాముడున్నాడు" అంది. అమ్మకు తెలుగు ఎక్కువగా పాటల్లోనే వచ్చు. మామూలు మాటకు క్రియోల్, దేవుడి మాటకు తెలుగు.

12 వారాలయ్యాక ఫిబ్రవరిలో కాలు కింద పెట్టాను. బూటు వేసుకుని, ముందు నాలుగోవంతు బరువు, తర్వాత సగం. పిక్క ఎండిన కొమ్మలా అయిపోయింది. ఫిజియోథెరపీ అమ్మాయి గుంటూరు అమ్మాయి. మొదటి రోజే నన్ను "అక్కా" అంది. ఇక మా తెలుగు పాఠాలన్నీ అక్కడే. "మడమ ముందు ఆనించక్కా. ఇప్పుడు అరికాలు. ఇప్పుడు మునివేళ్ళ మీద లే." పుట్టి నలభై ఆరేళ్ళయ్యాక నడవడం నేర్చుకున్నాను, తెలుగులో. నేల మీద తువ్వాలు పరిచి కాలివేళ్ళతో దగ్గరకు లాగేదాన్ని. ఒంటికాలి మీద నిలబడి పళ్ళు తోముకునేదాన్ని. కళ్ళు మూసుకుంటే మూడు సెకన్లలో పడిపోయేదాన్ని. పాదం ఎక్కడుందో, ఎటు వంగి ఉందో మెదడుకు చెప్పే తంత్రులు కూడా దెబ్బతింటాయి. వాటికీ మళ్ళీ నేర్పాలి.

మా బీమా కంపెనీ ఏడాదికి ఇన్నిసార్లే అని లెక్క పెట్టింది. లెక్క మే నెలలో అయిపోయింది. నాకు అప్పటికి మెట్లు దిగడం రాలేదు. ఎక్కడం తేలిక, దిగడమే కష్టం. దిగేటప్పుడు చీలమండ బాగా వంగాలి. ఆ అమ్మాయి నాకు ఒక కాగితం మీద బొమ్మలు గీసి, కింద తెలుగులో రాసిచ్చింది. మిగతాది మా మెట్ల మీదే నేర్చుకున్నాను. ఆగస్టుకు రెండు కాళ్ళతో మామూలుగా దిగాను. ఎక్స్‌రే ప్రకారం ఎముక ఏప్రిల్లోనే అతికింది. ఎముక అతకడం ఒకటి, నడవడం ఇంకొకటి. మీకెవరికైనా డాక్టరు "అతికింది" అంటే, అది పని సగంలో ఉందని అర్థం చేసుకోండి.

చచ్చిన భాగం కుంగలేదు. రెండేళ్ళ తర్వాత ఎమ్మారైలో చాలావరకు నిండింది. నా అదృష్టం. నేను చేసిందేమీ లేదు. కాలు కింద పెట్టకుండా నాకంటే జాగ్రత్తగా ఉన్నవాళ్ళకు కూడా కుంగిపోతుంది. వాళ్ళు ఏదో తప్పు చేశారని అనకండి. మొదటి క్షణంలో ఎన్ని రక్తనాళాలు తెగాయన్న దాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

2019లో మారిషస్ వెళ్ళాను. మా ఊరి గుడిలో రామభజన. మీలో మారిషస్ వాళ్ళకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకు చెప్తాను. దీపస్తంభం చుట్టూ నిలబడి, పాడుతూ, అడుగులు వేస్తూ తిరుగుతారు. ముందుకు రెండడుగులు, పక్కకు ఒకటి, వెనక్కి ఒకటి. చెప్పులు ఉండవు. అమ్మ అప్పటికి డెబ్భై రెండేళ్ళది, గంటసేపు ఆగకుండా తిరుగుతుంది. నేను ఆవిడ పక్కన చేరాను. ముందుకు వేసే అడుగు వచ్చింది. పక్కకు వేసే అడుగు రాలేదు. పాదం పక్కకు వంగేది టాలస్‌కూ మడమకూ మధ్య ఉన్న కింది కీలు దగ్గర. నాలో తప్పింది ఆ కీలే. దాని గుజ్జు మెల్లగా అరిగిపోతోంది. ఈ దెబ్బ తర్వాత ఎముక చావడం కంటే ఇదే ఎక్కువమందికి జరుగుతుంది, అందరూ భయపడేది మాత్రం దానికి. చదునైన నేల మీద తెలియదు. గడ్డిలో, ఇసుకలో, గుడి ముందు గులకరాళ్ళలో తెలుస్తుంది. ఒక్క చుట్టు తిరిగి పక్కన కూర్చున్నాను. అమ్మ పాట ఆపకుండా నా వైపు చూసి, తాళం నా చేతికి ఇచ్చింది. కూర్చుని తాళం వేశాను.

తర్వాత మూడేళ్ళు నొప్పి పెరుగుతూ వచ్చింది. జాన్సన్ పార్కులో నడక మానేశాను. ఇంజెక్షన్లు వేశారు, బూట్లలో మెత్తలు పెట్టుకున్నాను, గట్టి పట్టీ కట్టుకున్నాను. చివరికి 2022లో ఆ కింది కీలును కలిపేశారు. రెండు ఎముకలనూ స్క్రూలతో ఒకటిగా చేస్తారు. కదలిక పోతుంది, దాంతో నొప్పి పోతుంది. నేను చాలా రోజులు వద్దనుకున్నాను. కీలును శాశ్వతంగా మూసెయ్యడమంటే ఓడిపోయినట్టు అనిపించింది. అది తప్పు. ఏడాది ముందే చేయించుకోవాల్సింది.

మళ్ళీ పది వారాలు కాలు కింద పెట్టలేదు. మళ్ళీ మోకాలి స్కూటర్, మళ్ళీ పప్పుచారు. ఈసారి మెట్ల మీద కూర్చుని జరగడం బాగా వచ్చు.

ఇప్పుడు ఎలా ఉన్నానంటే, చదునైన రోడ్డు మీద మూడు మైళ్ళు నడుస్తాను. చూసేవాళ్ళకు కుంటు తెలియదు. వాలుగా ఉన్న నేల మీద చెయ్యి పట్టుకోవడానికి ఎవరైనా ఉండాలి. మంచు పడే ముందురోజు చీలమండకు తెలిసిపోతుంది, మా వీధిలో రేడియో కంటే ముందు నన్నే అడుగుతారు. పై కీలు కొంచెం అరిగింది. ఒక కీలును మూస్తే పక్క కీలు మీద పని ఎక్కువ పడుతుంది కదా. దాన్ని ఏటా ఒకసారి చూపించుకుంటాను. నిరుడు మారిషస్‌లో రామభజనలో మూడు చుట్లు తిరిగాను. పక్కకు వేసే అడుగు బదులు చిన్న గెంతు వేస్తాను. మా మేనకోడలు అది కొత్త పద్ధతి అనుకుని అలాగే వేసింది. ఇప్పుడు ఆ వరుసలో ముగ్గురు పిల్లలు గెంతుతున్నారు. అమ్మకు కోపం వచ్చింది.

మోకాలి స్కూటర్ మా గరాజ్‌లో ఉంది. ఇప్పటికి నాలుగిళ్ళకు వెళ్ళి వచ్చింది. పిస్కాటవే, ఎడిసన్ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే పత్రికవాళ్ళకు చెప్పండి. బుట్ట కూడా ఉంది. ఎడమ చక్రం కొంచెం కిర్రుమంటుంది, నూనె వెయ్యాలి.